ముసలి కుక్కతో ఎండపూట: బ్రూనోని ఇంట్లో వదిలేయకండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. డిగ్రీ నాటి స్నేహితులంతా సంక్రాంతి తర్వాతి ఆదివారం చేవెళ్ళ దగ్గర మీ మిత్రుడి మామిడితోటలో కలుస్తున్నారు. పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే తిరుగు ప్రయాణం. మీ లాబ్రడార్ బ్రూనోకి పన్నెండేళ్ళు. వెనక కాళ్ళు పట్టేస్తున్నాయి, చెవులు సరిగా వినబడటం లేదు. ఒక స్నేహితురాలు తన ముసలి పమేరియన్‌ని తెస్తానంటున్నారు. ఇంట్లో ఓ పెద్ద వయసు తెల్ల పిల్లి కూడా ఉంది. బ్రూనోని తీసుకెళ్ళాలా, బోర్డింగ్‌లో పెట్టాలా, ఇంట్లోనే ఎవరికైనా అప్పజెప్పాలా అని అడిగారు.

తీసుకెళ్ళండి. పిల్లిని మాత్రం ఇంట్లోనే ఉంచండి.

చాలా ఏళ్ళుగా హైదరాబాద్‌లో కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేస్తున్నాను. ముసలి కుక్కల విషయంలో నాకు ఎక్కువ బాధ కలిగించేది జబ్బు కాదు, "పెద్దదైపోయింది, రెస్ట్ తీసుకోనీ" అని దాన్ని లోపలి గదిలో పెట్టి తలుపేయడం. చుట్టాలొస్తే గది, స్నేహితులొస్తే గది. ఆరు నెలలు అలా గడిస్తే వెనక తొడల కండ కరిగిపోతుంది. చేత్తో తడిమి చూస్తే తుంటి ఎముక నేరుగా తగులుతుంది. పగలంతా నిద్రపోయి రాత్రి ఇల్లంతా తిరుగుతుంది. మనుషుల మధ్య ఉండటం, కొత్త వాసనలు చూడటం, నాలుగడుగులు వెయ్యడం ముసలి కుక్కకి మందు ఎంత అవసరమో అంత అవసరం. కాబట్టి ఆ రోజు ప్లానంతా బ్రూనో ఓపికని బట్టి వేసుకోండి. మీ వయసు స్నేహితులకీ ఆ నెమ్మదే హాయిగా ఉంటుంది.

ముందు ఎండ సంగతి. ఎండలో పడుకోబెడితే డి విటమిన్ వస్తుంది, ఎముకలు గట్టిపడతాయి అని మా దగ్గరకి వచ్చేవాళ్ళలో చాలామంది నమ్ముతారు. మనుషుల విషయంలో నిజమే. కుక్కలూ పిల్లులూ మాత్రం తమకి కావలసినంత డి విటమిన్‌ని చర్మంలో తయారు చేసుకోలేవు, అది వాటికి తిండి నుంచే రావాలి. అందుకని గంటలకొద్దీ ఎండలో ఉంచి సాధించేదేం లేదు. ఎండ వల్ల వచ్చే లాభం వెచ్చదనం. జనవరి తెల్లవారుజామున మన వైపు బాగానే చలి ఉంటుంది, కీళ్ళవాతం ఉన్న కుక్క లేవడానికే మూలుగుతుంది. ఓ పావుగంట, ఇరవై నిమిషాలు నీరెండ తగిలితే నడుము వదులై తనంతట తాను లేస్తుంది. కావలసింది అంతే.

చిక్కంతా ఆ తర్వాతే. కుర్ర కుక్కకి వేడెక్కితే లేచి నీడలోకి పోతుంది. ముసలి కుక్కకి లేవడమే కష్టం కాబట్టి ఎండ చుర్రుమంటున్నా అక్కడే పడి ఉంటుంది. చూసేవాళ్ళకి హాయిగా నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది. అందుకే బ్రూనో పరుపుని సగం ఎండలో, సగం నీడలో వెయ్యండి. మామిడిచెట్టు నీడ అంచు దానికి బాగుంటుంది. పొద్దెక్కుతున్నకొద్దీ నీడ జరుగుతుంది, ఎవరో ఒకరు అరగంటకోసారి చూసి పరుపు జరపాలి. ఈ పని ఒకరి పేరు మీద పెట్టండి. అందరిదీ అనుకుంటే ఎవరూ చూడరు. ఎనిమిది నుంచి పదిన్నర దాకా సగం ఎండ సగం నీడ, మధ్యాహ్నం పూర్తిగా నీడ, నాలుగు దాటాక మళ్ళీ కాస్త ఎండ, ఇలా పెట్టుకోండి. జనవరిలో కూడా మన దగ్గర మధ్యాహ్నం 28, 30 డిగ్రీలు ఉంటుంది. గాలిలో 25 డిగ్రీలున్న రోజున కూడా ఎండలో ఉన్న తారురోడ్డు 50 డిగ్రీలకి చేరగలదు. చేతి వెనక వైపుని నేలకి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ నేల మీద కుక్కని నడిపించకూడదు.

కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. వగర్చడమే దాని ఏసీ. ముసలి లాబ్రడార్లలో ఆ ఏసీకే తరచుగా ఓ రిపేరు వస్తుంది. గొంతులో స్వరపేటిక దగ్గరి కండరాలు బలహీనపడి, ఊపిరి తీసినప్పుడు గాలిదారి పూర్తిగా తెరుచుకోదు. మొరుగు బొంగురుపోవడం, ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు గరగర శబ్దం రావడం, నీళ్ళు తాగుతూ దగ్గడం దీని గుర్తులు. బ్రూనోలో వీటిలో ఏదైనా కనిపిస్తుంటే పిక్నిక్‌కి ముందే డాక్టర్‌కి చూపించండి. అలాంటి కుక్క వేడిలో క్షణాల్లో ఇబ్బందిలో పడుతుంది.

వేడి దెబ్బ ముందు కనిపించేది నాలుక మీద. మామూలుగా వగర్చేటప్పుడు నాలుక సన్నగా వేలాడుతుంది. వేడి ఎక్కువైతే చివర వెడల్పై, పక్కకి వంపు తిరిగి బయటికి జారుతుంది. చొంగ చిక్కబడి తీగలా సాగుతుంది, చిగుళ్ళు ముదురు ఎరుపవుతాయి. ఆ దశలోనే లేపి నీడలోకి తీసుకెళ్ళి నీళ్ళు పెట్టాలి. తూలడం, వాంతి చేసుకోవడం దాకా వస్తే అక్కడికక్కడే మామూలు కుళాయి నీళ్ళు ఒళ్ళంతా ధారగా పోస్తూ గాలి విసరండి. తడి తువ్వాలు కప్పి వదిలెయ్యొద్దు, వేడి లోపలే ఉండిపోతుంది. ముందు చల్లబరచడం, తర్వాత ఆసుపత్రికి పరుగు. కుక్క మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే ప్రాణం మీదికొచ్చినట్టే. జనవరిలో ఇంతదూరం రాకపోవచ్చు. కానీ ఇలాంటి కలయికలు మార్చిలోనూ ఉంటాయి కదా, తెలుసుకుని ఉండండి.

పార్కింగ్‌లో కారులో వదలడం అసలు వద్దు, దారిలో టీ కోసం ఆగినా సరే. అద్దాలెత్తిన కారులో ఎండకి మొదటి పది నిమిషాల్లోనే సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. మీరిద్దరూ వెళ్తున్నట్లయితే ఒకరు టీ తాగి వచ్చాక ఇంకొకరు వెళ్ళండి.

ఇప్పటినుంచి చెయ్యాల్సింది కొంత ఉంది. వారమంతా సోఫా పక్కన పడుకుని ఆదివారం మాత్రం తోటంతా తిరిగిన కుక్క సోమవారం కుంటుతుంది. రోజూ ఇంటి చుట్టూ పది నిమిషాలు రెండుపూటలా నడిపించడం ఇవాళే మొదలుపెట్టండి. గోళ్ళు కత్తిరించండి. గోళ్ళు పెరిగితే పాదం సరిగా ఆనక వెనక కాళ్ళు ఇంకా జారతాయి. ఏడాదిలో రక్తపరీక్ష చేయించకపోతే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), లివర్, షుగర్ చూపించండి. గుండె శబ్దం వినిపించండి. కంట్లో నీలంగా పొగ కమ్మినట్టుంటే కంగారు పడొద్దు. ముసలి కుక్కల్లో కంటి లెన్స్ ముదిరి అలా కనిపిస్తుంది, చూపు చాలావరకు బాగానే ఉంటుంది. పాలలా తెల్లగా కనిపిస్తే అది శుక్లం కావచ్చు, చూపించాలి. ప్రైవేటు క్లినిక్ ఖర్చు భారమనిపిస్తే నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఆంధ్రలో ఉన్నవాళ్ళకి తిరుపతి, గన్నవరం కాలేజీలున్నాయి.

బరువు సంగతి మీరు రాయలేదు కానీ, లాబ్రడార్ అంటే నాకు మొదట వచ్చే అనుమానం అదే. అమెరికాలో 48 లాబ్రడార్లని కూన దశ నుంచి చివరిదాకా గమనించి 2002లో ఫలితాలు ప్రచురించారు. జంటలో ఒకదానికి పెట్టిన తిండిలో నాలుగో వంతు తగ్గించి రెండోదానికి పెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి. కీళ్ళవాతానికి మందు అవసరమైన వయసు కూడా వాటిలో చాలా వెనక్కి జరిగింది. బ్రూనో పక్కటెముకల మీద వేళ్ళు ఆనించండి. తేలిగ్గా తగలాలి. నొక్కితే గానీ తగలకపోతే పన్నెండేళ్ళ వయసులోనూ తగ్గించడం వల్ల లాభమే.

ఫామ్‌హౌస్ అంటే నేలకి నున్నటి టైల్సో గ్రానైటో ఉంటాయి. ముసలి కుక్కకి అది మంచుగడ్డ మీద నడకే. కాళ్ళు చెరోవైపు జారి ఓసారి పడిందంటే, ఆ భయంతో రోజంతా లేవదు. నాలుగు గోనెపట్టాలో పాత యోగా మ్యాట్లో తీసుకెళ్ళి గుమ్మం నుంచి దాని పడక దాకా వరసగా పరవండి. కారెక్కించేటప్పుడు ముందుకాళ్ళు పట్టి లాగొద్దు. ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద పెట్టి ఇద్దరు కలిసి ఎత్తండి. నడుం నొప్పి ఉన్న స్నేహితుణ్ణి ఆ పనికి పిలవకండి. ఓ వెడల్పాటి పలక వాలుగా వేసి రెండు రోజులు ఇంటి దగ్గరే అలవాటు చేస్తే ఎత్తే పనే ఉండదు.

మామిడితోట అన్నారు కాబట్టి ఇది తప్పకుండా చెప్పాలి. జనవరి అంటే పూత కాలం. తేనెమంచు పురుగుకి మందు కొట్టే కాలం కూడా అదే. ఏ రోజు స్ప్రే చేశారో మీ మిత్రుణ్ణి ఇప్పుడే అడగండి. వారం ముందు నుంచి ఆపేస్తే మంచిది, ఆపడానికి వీల్లేకపోతే మందు కొట్టిన చెట్ల కిందికి బ్రూనోని పోనివ్వకండి. గడ్డి మీద పడ్డ మందు కాళ్ళకి అంటుకుంటుంది, తర్వాత కుక్క కాళ్ళు నాకుతుంది. మందు కలిపిన డ్రమ్ములూ బకెట్లూ ఎక్కడున్నాయో, ఎలుకల మందు ఎక్కడైనా పెట్టారో కనుక్కోండి. ఇంటి దగ్గర తాగే నీళ్ళే పట్టుకెళ్ళండి. తోటలో పల్లేరుకాయలు కాలివేళ్ళ మధ్య గుచ్చుకుంటాయి. ముసలి కుక్క అప్పటికే కుంటుతుంటుంది కాబట్టి ఎవరూ గమనించరు. సాయంత్రం కారెక్కే ముందు నాలుగు పాదాల వేళ్ళ సందులూ, చెవుల వెనకా, చంకల్లో తడిమి చూడండి. పిడుదులు దొరికేది కూడా అక్కడే. పిడుదుల జ్వరం మన దగ్గర మామూలు, ముసలి వయసులో తట్టుకోవడం కష్టం. పండగ తర్వాత గాలిపటాల మాంజా చెట్లకీ గట్లకీ చుట్టుకుని ఉంటుంది. నైలాన్ మాంజా నిషేధంలో ఉన్నా ఇంకా దొరుకుతోంది, కాలికి చుట్టుకుంటే చర్మం దాకా కోస్తుంది. పరుపు వేసే చోట ముందుగా ఓసారి నడిచి చూడండి.

స్నేహితులందరికీ ముందురోజు ఓ మెసేజ్ పెట్టండి. రెండు విషయాలు చెప్పాలి.

ఒకటి, పలకరించే పద్ధతి. ఎన్నో ఏళ్ళ తర్వాత వచ్చిన స్నేహితుడు "ఒరేయ్ బ్రూనో!" అని వెనక నుంచి వచ్చి వీపు మీద చరుస్తాడు. చెవులు వినబడని కుక్క ఉలిక్కిపడి కరవచ్చు, పన్నెండేళ్ళలో ఎవరినీ కరవని కుక్క అయినా సరే. నిద్రపోతున్నప్పుడు ముట్టుకోవద్దు. దగ్గరకెళ్ళే ముందు కాలితో నేల మీద రెండు దెబ్బలు వేస్తే అదురు తెలిసి తలెత్తుతుంది. తర్వాత బ్రూనోకి కాస్త పక్కగా కింద కూర్చుని, చెయ్యి కిందికి పెట్టి ఊరుకోవాలి. కూర్చోలేనివాళ్ళు కుర్చీ వేసుకోండి. వినికిడీ చూపూ తగ్గినా వాసన చాలాకాలం మిగులుతుంది. వేళ్ళు వాసన చూస్తాడు, తర్వాత మోచేతి దాకా వస్తాడు, ఓ నిమిషం ఆగి మళ్ళీ మొదటి నుంచి చూస్తాడు. "నన్ను మర్చిపోయాడు" అని ఆ నిమిషంలోనే లేచిపోతారు చాలామంది. ఆగమనండి. తోక చివర కొంచెం కదలడంతో మొదలై, తల తీసుకొచ్చి మోకాలికి ఆనించడం నేను ఎన్నోసార్లు చూశాను. పిల్లలొస్తుంటే మెడ పట్టుకుని వేలాడకుండా, పరుపు మీదికి ఎక్కకుండా పెద్దవాళ్ళు దగ్గరుండాలి.

రెండోది తిండి. రోజంతా ఆరుగురూ ప్రేమగా చెరో ముక్క పెడితే అది ఆరు భోజనాల పెట్టు. గారెల్లోనూ కూరల్లోనూ ఉల్లిపాయ ఉంటుంది, అది కుక్కల్లో, పిల్లుల్లో ఎర్ర రక్తకణాలని దెబ్బతీస్తుంది. పరమాన్నంలో కిస్‌మిస్ కిడ్నీలకి విషం, ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం. నాటుకోడి పులుసులో ఉడికిన ఎముక పేళ్ళుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది. చాక్లెట్, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ కూడా కూడదు. పెట్టొద్దు అని ఊరుకుంటే ఎవరూ వినరు, చాటుగా పెడతారు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ చిన్న ముక్కలు, ఉడికిన క్యారెట్, కీరా ఓ డబ్బాలో వేసి మధ్యలో పెట్టండి. ఎవరికి పెట్టాలనిపించినా అందులోంచే. డబ్బా ఖాళీ అయితే ఆపెయ్యాలి, రాత్రి భోజనం ఆ మేరకి తగ్గించాలి.

దీనికి ఇంకోటి కలపాలి. మీ వయసులో అందరి బ్యాగుల్లోనూ బీపీ, షుగర్, నొప్పి మాత్రలుంటాయి. అవి కుక్కకి అందని ఎత్తులో పెట్టాలి. మోకాళ్ళకి రాసుకునే నొప్పి జెల్లు గురించి మాత్రం ఎవరికీ ఆలోచన రాదు. కుక్క ఆప్యాయంగా మోకాలు నాకితే ఆ మందు దాని కడుపులోకే. 2015లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి ఓ నొప్పి క్రీము వల్ల ఇంట్లో పిల్లులు జబ్బుపడి చనిపోయాయని హెచ్చరిక ఇచ్చింది. జెల్ రాసుకున్నవాళ్ళు ప్యాంటు కిందికి దించుకోవాలి, చేతులు కడుక్కున్నాకే కుక్కని ముట్టుకోవాలి. బ్రూనో కుంటుతున్నాడని ఎవరైనా జాలిపడి తమ డైక్లోఫెనాకో ఐబుప్రోఫెనో సగం ముక్క వెయ్యబోతే గట్టిగా ఆపండి. కడుపులో పుండ్లు పడి రక్తవాంతులతో వచ్చిన కుక్కల్ని చూశాను. కుక్కలకి వేరే నొప్పి మందులున్నాయి, కార్ప్రోఫెన్, మెలాక్సికామ్ లాంటివి. రక్తపరీక్ష చూసి, బరువుని బట్టి డాక్టర్ రాస్తేనే వాడాలి. పారాసిటమాల్ అయితే పిల్లికి ఒక్క మాత్ర చాలు, ప్రాణం పోతుంది.

పమేరియన్ సంగతి. రెండు ముసలి కుక్కల్ని ఒకే గదిలోనో, గేటు దగ్గరో ఒక్కసారిగా ఎదురుపెట్టొద్దు. బయట ఖాళీ చోట, ఎవరి తాడు వాళ్ళు వదులుగా పట్టుకుని, కాస్త దూరంలో పక్కపక్కన ఓ ఐదు నిమిషాలు నడవండి. మీరిద్దరూ మాట్లాడుకుంటూ నడిస్తే వాటికి టెన్షన్ తగ్గుతుంది. తర్వాత ఒకదాని వాసన ఒకటి చూసుకోనివ్వండి. గిన్నెలూ పరుపులూ వేరుగా ఉండాలి. చిన్నజాతి ముసలి కుక్కల్లో గాలిగొట్టం మెత్తబడి, మెడ దగ్గర లాగితే బాతు అరిచినట్టు దగ్గుతాయి. మెడపట్టీ కాకుండా ఛాతీకి వేసే హార్నెస్ తెమ్మనండి. ఎండకని బొచ్చు పూర్తిగా గొరిగించొద్దని కూడా చెప్పండి. ఆ రెండు పొరల బొచ్చు ఎండ సూటిగా చర్మానికి తగలకుండా కాపాడుతుంది, గొరిగాక సరిగా పెరగకపోవచ్చు కూడా.

ఇక పిల్లి. కుక్కకి మనుషులెక్కడుంటే అది ఇల్లు, పిల్లికి చోటు ముఖ్యం. దాన్ని బుట్టలో పెట్టి తోటకి తీసుకెళ్తే రోజంతా బెదిరిపోయి ఓ మూల నక్కుతుంది, తలుపు తెరిచుంటే పారిపోతుంది. తూర్పు కిటికీ దగ్గర పాత దుప్పటి వేసి, ఎక్కడానికి మధ్యలో ఓ పీట పెట్టి, నీళ్ళు రెండు మూడు చోట్ల పెట్టి వెళ్ళండి. ముసలి పిల్లుల్లో కిడ్నీ జబ్బు ఎక్కువ, అది ముందు దాహంలోనే కనిపిస్తుంది. గిన్నె మామూలుకంటే తొందరగా ఖాళీ అవుతుంటే పరీక్ష చేయించండి. మీది తెల్ల పిల్లి కాబట్టి చెవుల కొనలు దగ్గరగా చూడండి. ఏళ్ళ తరబడి ఎండ తగిలి తెల్ల పిల్లుల చెవి కొనల్లో, ముక్కు మీద చర్మ క్యాన్సర్ వస్తుంది. మొదట ఎర్రగా, పొక్కు కట్టి, మానుతున్నట్టే ఉండి మళ్ళీ రేగుతుంది. గోకుడు పుండనుకుని నెలలు గడిపేస్తారు. మనం వాడే సన్‌స్క్రీన్ రాయకండి, జింక్ ఆక్సైడ్ ఉన్నవి నాకితే ప్రమాదం. మధ్యాహ్నం ఎండ పడే కిటికీలకి తెర వేయించండి.

మీరు చివర్లో రాసిన వాక్యం, "ఇదే వాడికి ఆఖరి చలికాలమేమో", దానికీ జవాబు చెప్పాలి. కావచ్చు. లాబ్రడార్‌కి పన్నెండేళ్ళు నిండు వయసే. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విలలోబోస్ ఓ కొలత తయారుచేశారు, నేను నా దగ్గరకి వచ్చేవాళ్ళకి అదే చెప్తాను. నొప్పి, ఆకలి, నీళ్ళు, శుభ్రత, సంతోషం, నడక, మంచి రోజులు చెడ్డ రోజులకంటే ఎక్కువున్నాయా లేదా, ఈ ఏడింటికీ పదేసి మార్కులు, పరిస్థితి ఎంత బాగుంటే అన్ని ఎక్కువ. మొత్తం 35 దాటుతుంటే బతుకు బాగానే సాగుతున్నట్టు. క్యాలెండర్‌లో మంచి రోజుకి ఓ చుక్క పెట్టుకుంటూ వెళ్ళండి. మీరు రాసినదాన్ని బట్టి వాడు తింటున్నాడు, గేటు చప్పుడు వినబడకపోయినా మీరొచ్చే వేళకి గుమ్మం దగ్గర ఉంటున్నాడు. ఇంకా చాలా చుక్కలు పెట్టుకునే దశలోనే ఉన్నాడు. ఫొటోలు తియ్యండి. కానీ వాణ్ణి కుర్చీ మీదికి ఎక్కించి, టోపీ పెట్టి కాదు. వాడు పడుకున్న చోటికే మీరంతా వెళ్ళి చుట్టూ కూర్చోండి.

మధ్యలో వాడు లేచి ఇంటివైపు నడిస్తే, లేదా ఎవరు పిలిచినా తల తిప్పేసుకుంటుంటే, అలసిపోయాడని అర్థం. లోపల నిశ్శబ్దంగా ఉన్న గదిలో పరుపు వేసి, తలుపు ఓరగా తెరిచి ఉంచండి. వాడంతట వాడు బయటికి వస్తే రానివ్వండి. చేవెళ్ళ చుట్టుపక్కల ఆదివారం తెరిచే పశువైద్యుడి నంబరు ముందే కనుక్కుని ఫోన్‌లో పెట్టుకోండి.

మర్నాడు పొద్దున కాస్త పట్టేసినట్టు నడుస్తాడు, అది మామూలే. గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో తుంటి దగ్గర పది నిమిషాలు కాపడం పెట్టి, ఇంటి ముందు నాలుగడుగులు నడిపించండి. సాయంత్రానికి సర్దుకోవాలి. ఒక కాలు నేలకి ఆనించకపోయినా, రెండు పూటలు తిండి మానేసినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆగకుండా డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళండి.